పద్నాలుగో తారీకు ఫోటో

ముప్పై ఆరు ఫోటోల్లో ఆరింటికి ఆమె వేలు అడ్డం పడింది. మూడింటిలో మనుషులకి తలల్లేవు. రెండింటిలో ఏముందో తీసిన ఆమెకే తెలియలేదు. అయినా సరే, మంగళవారం టీ గంట కొట్టగానే ఆ కవరు పట్టుకుని బైండింగ్ హాల్లోకి వచ్చిన సూదమ్మ కాళ్ళు నేల మీద లేవు.

పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్రెస్సులో మడతపెట్టిన అచ్చు కాగితాలు, పుస్తకాల ఫారాలు, కుడుతోంది ఆవిడ. భుజం దగ్గర బట్టకి దారం ఎక్కించిన సూది ఒకటి ఎప్పుడూ గుచ్చుకునే ఉంటుంది కాబట్టి సూదమ్మ అయింది. నాలుక కూడా ఆ జాతిదేనని గిట్టనివాళ్ళు అంటారు, గిట్టినవాళ్ళూ కాదనరు. ఇన్నేళ్ళలో ఊళ్ళోవాళ్ళ పుస్తకాలు వేలకి వేలు కుట్టిందే గానీ, సరదాకని తనకోసం ఒక్క వస్తువు కొనుక్కున్నది లేదు. తొమ్మిది రోజుల కిందట, ఒక ఆదివారం పొద్దున, స్టూడియో ఆయన దగ్గర పాత కెమెరా కొనుక్కుంది. అరచేతిలో ఇమిడేది, నల్లది, ఒక మూల పెచ్చు ఊడినది. దాని గొప్పంతా ఒక్కటే. తీసిన ప్రతి ఫోటోకీ కింద మూలన నారింజ రంగు అంకెల్లో తారీకు పడుతుంది.

"చేతులు తుడుచుకుని చూడండి. జిగురు వేళ్ళతో పట్టుకుంటే ఊరుకోను," అంది ముందుగానే.

మడతలు పెట్టేవాళ్ళూ జిగురు రాసేవాళ్ళూ చుట్టూ మూగారు.

"ఇదెవరు సూదమ్మా, తల లేదు?"

"నువ్వే. తల లేకపోతేనే బాగున్నావ్."

నవ్వులు వినిపించాయి. సోమవారం పొద్దుటి నుంచి ఆ ప్రెస్సులో ఎవరూ నవ్వింది లేదు. పెద్ద పరీక్ష ఒకదానికి ప్రశ్నపత్రాలు అచ్చువేశారు. శనివారం సాయంత్రం మేనేజరు స్వయంగా నిలబడి లెక్కపెట్టుకున్నప్పుడు రెండు వందల కట్టలు. సోమవారం తలుపు తీస్తే నూట తొంభై తొమ్మిది. ఆ ప్యాకింగ్ గదికి హాల్లోంచి ఒక తలుపు. దాని తాళంచెవులు రెండే, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి కాగితం కోసే కటింగ్ మాస్టారి దగ్గర. వెనక సందులోకి ఇంకో తలుపుంది గానీ, అది వ్యానులోకి కట్టలు ఎక్కించేటప్పుడు తప్ప తీయరు, లోపలి నుంచి గడియ. ఆదివారం ప్రెస్సుకి సెలవు. మరి కట్ట ఎలా పోయింది? ఆ ప్రశ్న పుట్టిన దగ్గర్నుంచి ఒకరి సంచీ వంక ఇంకొకరు చూడటం, ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు చెవులు రిక్కించడం మొదలైంది.

సూదమ్మ ఆఖరున చూపించాలని దాచుకున్న ఫోటో తీసింది. ప్యాకింగ్ గదిలో కటింగ్ మాస్టారు. మిషను మీద కోసి కోసి అలిసిపోయి, చుట్టిన కట్టల వరస మీద ఒక చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. పైన వెంటిలేటర్లోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా దిగి, గాల్లో ఆడుతున్న కాగితపు పొడి మీదుగా ఆయన ముఖం సగానికి తగిలింది. నవ్వలేదు. నవ్వమని ఆమె అడగనూ లేదు. ఆ ఫోటో తను తీసిందంటే సూదమ్మకే నమ్మకం కలగలేదు. రాత్రి దాన్ని ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు.

"అబ్బ, పెద్ద స్టూడియోలో తీసినట్టుంది," అన్నారెవరో.

గేటు దగ్గర రాకపోకలు రాసుకునే టైమ్ కీపరు చెయ్యి చాచి అందుకున్నాడు. ఆయన ముందు ముఖం చూడడు, అంకెలు చూస్తాడు. ఉద్యోగం అలాంటిది.

"ఎప్పుడు తీశావిది?"

"శనివారం. గంట కొట్టాక, మీరంతా చేతులు కడుక్కుంటున్నప్పుడు."

"శనివారం పదమూడు కదా. దీని మీద పద్నాలుగుంది."

టైమ్ కీపరు ఫోటోని పక్కవాళ్ళకి చూపించాడు, వాళ్ళు ఆ పక్కవాళ్ళకి. ఇంతకుముందు ఫోటో చూసిన కళ్ళే ఇప్పుడు ఆ మూలనున్న రెండంకెల్ని చూశాయి. ఆ తర్వాత సూదమ్మని చూశాయి.

*

మేనేజరు ఎవరి మీదా గొంతు పెంచడు. అందుకే ఆయన గదిలోకి వెళ్ళాలంటే అందరికీ భయం. ఫోటోని బల్ల మీద పెట్టి, పెన్సిలు తిరగేసి, దాని మొనతో కాకుండా రబ్బరు వైపుతో తారీకు మీద ఆనించాడు.

"ప్యాకింగ్ గదిలోకి కెమెరా తేకూడదని తెలుసు కదమ్మా మీకు?"

"తెలుసు సార్. కట్టలన్నీ చుట్టేశారు, లోపలిది ఏదీ కనపడదు కదా అని. తప్పే."

"ఆ సంగతి తర్వాత చూద్దాం. ఇది ఆదివారం తీసిన ఫోటో."

"కాదు సార్, శనివారం. నేనే తీశాను."

"కెమెరాకి మీ మీద పగ ఉందా? మాస్టారి మీద ఉందా?"

కటింగ్ మాస్టారు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు, కాగితపు పొడితో కనుబొమలు తెల్లబడి. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ బ్లేడు ముందు నిలబడిన మనిషి. కోసే ముందు కాగితాల దొంతర అంచుని అరచేత్తో రెండుసార్లు తట్టి, ఒకసారి ఊది, అప్పుడు గానీ మీట మీద చెయ్యి వెయ్యడు. ఆయన కోసిన పుస్తకానికి నాలుగు వైపులా అంచు ఒక్క వెంట్రుకవాసి తేడా రాదు.

"శనివారమే సార్," అన్నాడు ఆయన. "ఆదివారం ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉన్నాను."

"ఇంట్లో ఉన్నట్టు చెప్పేది మీ ఆవిడే కదా?"

"మా ఆవిడే సార్."

"ఈవిడ శనివారమని చెప్పేది మీ కోసం. మీరు శనివారమని చెప్పేది ఈవిడ కోసం. సెలవు రోజున తాళం వేసిన గదిలో మీరిద్దరూ ఉన్నారని ఫోటో చెప్తోంది. నేనెవర్ని నమ్మాలి?"

ఆ మాటలో ఇంకో మాట కూడా దాగి ఉందని ఇద్దరికీ అర్థమైంది. మేనేజరు మిగతా ఫోటోల్ని గబగబా తిరగేసి కవర్లో పెట్టి ఇచ్చేశాడు. ఆ ఒక్కటీ, మాస్టారి తాళంచెవీ సొరుగులోకి వెళ్ళిపోయాయి.

"పంతొమ్మిదో తారీకు, శుక్రవారం, పరీక్షల ఆఫీసువాళ్ళు వస్తున్నారు. ఈలోగా కట్ట ఏమైందో మీరు చెప్తే సరే. చెప్పకపోతే ఈ ఫోటో వాళ్ళకిస్తాను. వాళ్ళు పోలీసులకిస్తారు."

ఇంటికి వెళ్ళేసరికి మొగుడికి సంగతంతా తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది, ప్రెస్సు వ్యాను తోలేది ఆయనే. పంపు దగ్గర చేతులు రుద్దుకుంటూ చాలాసేపు వెనక్కి తిరగలేదు.

"ఆదివారం నువ్వు మీ అక్క ఇంటికి ఎన్నింటికెళ్ళావ్?" అన్నాడు చివరికి.

"ఏం, ఇప్పుడెందుకు?"

"సాయంత్రం వెళ్తానన్నావ్ కదా."

"ఎండ బాగుందని మధ్యాహ్నమే పిల్లని తీసుకుని వెళ్ళాను. మేడ మీద మా అక్క పిల్లలతో కలిపి ఫోటో తీద్దామని."

"మధ్యాహ్నమంటే? రెండా, మూడా?"

సూదమ్మకి ఒళ్ళు మండింది. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషి, తండ్రి వయసున్నవాడితో కలిపి తనని అనుమానిస్తున్నాడు. ప్రెస్సులో అందరూ అనుమానించినా ఇంత నొప్పి కలగలేదు.

"వెళ్ళి మా అక్కనే అడుగు. వచ్చినప్పుడు ఏం కట్టుకున్నానో, పోయినప్పుడు ఏం కట్టుకున్నానో అన్నీ చెప్తుంది," అంది.

ఆయన తగ్గాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ పక్కకొచ్చి, గొంతు మార్చి, "నీ మంచికే అడిగాను. ఒక పని చెయ్. శనివారం సాయంత్రం మాస్టారు కెమెరా అడిగి పట్టుకెళ్ళాడనీ, సోమవారం తిరిగిచ్చాడనీ చెప్పెయ్. ఆదివారం ఆయన ఎవరితో తీయించుకున్నాడో నీకేం తెలుసు? నువ్వు బయటపడతావ్," అన్నాడు.

"ఆయన?"

"ఆయనకి ఇంకెన్నాళ్ళుందిలే ఉద్యోగం."

సూదమ్మ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది. మొగుడు చెప్పినట్టు చెప్పడం ఎంత సులువో ఆమెకి తెలుసు. ఒక్క చిన్న వాక్యం. అది ఆమె నోట్లో రాత్రంతా నానింది.

*

బుధవారం కటింగ్ మాస్టారిని మిషను ముట్టుకోనివ్వలేదు. గేటు పక్కన స్టూలు వేసి కూర్చోమన్నారు. పొమ్మనలేదు, పని చెయ్యమనలేదు. వచ్చేపోయేవాళ్ళందరికీ ఆయన కనపడాలి, అంతే. మిషను మీద ఇంకొకణ్ణి పెట్టారు. వాడు దొంతర అంచు తట్టడు, ఊదడు, దొరికినంత దూర్చి మీట లాగేస్తాడు. బ్లేడు దిగిన ప్రతిసారీ గేటు దగ్గర మాస్టారు తల కొంచెం పక్కకి తిరుగుతోంది. చెవికి తగలకూడనిదేదో తగిలినట్టు ముఖం పెడుతున్నాడు.

సూదమ్మ దగ్గరికి వచ్చిన ఫారాలన్నీ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. సూది ఎక్కడ దింపాలో తెలియక మూడుసార్లు విప్పి కుట్టింది. ఆమె బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చునే ఇద్దరు ఆడవాళ్ళు ఆ రోజు వెలుతురు చాలడం లేదని కిటికీ వైపు జరిగారు. కిటికీ వైపు వెలుతురు ఎప్పుడూ ఉంది. ఇన్నాళ్ళూ వాళ్ళకి గుర్తురాలేదు.

మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే లేచి గేటు దగ్గరికి వెళ్ళింది. మాస్టారితో మాట్లాడితే చూసేవాళ్ళు చూస్తారు. చూడనీ అనుకుంది.

"నా వల్లే మాస్టారూ ఇదంతా," అంది.

ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "వాడు బ్లేడు పదును చూసుకోవడం లేదమ్మా. కాగితం నలుగుతోంది, వినపడుతోందా?"

"వినపడుతోంది."

"ఫోటో బాగుంది," అన్నాడు ఆయన. "మా ఇంట్లో నా ఫోటో ఒక్కటే ఉంది, పెళ్ళినాటిది. దాంట్లో నేను భయపడుతున్నట్టు ఉంటాను. ఇది బాగుంది. ఇంకో కాపీ తీయిస్తావేమో అడుగుదామనుకున్నాను, ఈలోపలే ఇలా అయింది."

ఆయన తిట్టినా బాగుండేది. మొగుడు నేర్పిన వాక్యం అప్పుడే నోట్లో చేదెక్కింది.

సాయంత్రం దారి తప్పించుకుని స్టూడియోకి వెళ్ళింది. స్టూడియో ఆయన కెమెరా వెనక మూత తీసి, చూసి, మూసి, ఆమె ముందు బటన్లు నొక్కి చూపించాడు. రీలు కడిగించినప్పుడు బాటరీ తీసెయ్యడంతో గడిలో పాత తారీకు చెరిగిపోయి ఉంది.

"దీనికేం రోగం లేదమ్మా. మీరు మొదటి రోజు ఏ తారీకు పెట్టారో అక్కణ్ణించి ఒక్కొక్క రోజూ కలుపుకుంటూ పోతుంది. దానికి లోకంతో పనేముంది? మీరు చెప్పిందే దానికి తెలుసు."

"నేను సరిగ్గానే పెట్టానండీ."

"అయితే ఫోటో కూడా సరిగ్గానే ఉంటుంది," అన్నాడాయన. ఆ మాట అన్నాక ఆయన కూడా ఆమెని ఒక్క క్షణం ఎక్కువసేపు చూశాడు.

దారి పొడుగునా ఆ మొదటి రోజే ఆమె కళ్ళ ముందు తిరిగింది. గుండుసూది తెచ్చి, కెమెరా వెనకున్న చిన్న గుంటలో గుచ్చి, అంకె మారిన ప్రతిసారీ చిన్నపిల్లలా కూతురికి చూపించింది. మొదటి ఫోటో కూతురిదే. పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. తను ఎడం కన్ను మూయబోయి కుడి కన్ను మూసి, ఏమీ కనపడటం లేదని గోల చేసింది. పిల్ల నవ్వింది. నవ్వినప్పుడు బటన్ నొక్కింది, అందుకే ఆ ఫోటోలో పిల్ల ముఖం మసక. ఆ మసక ముఖాన్ని ఆమె మిగతా ముప్పై అయిదింటి కంటే ఎక్కువ ప్రేమించింది. ఇంత సంతోషం పెట్టిన డబ్బా ఒక మనిషిని స్టూలు మీద కూర్చోబెడుతుందని ఎవరనుకుంటారు?

*

గురువారం సాయంత్రం పిల్ల ట్యూషన్‌కి పోయింది. సూదమ్మ రేపటి కోసం ఏ బట్టలు సిద్ధం చేసుకోవాలా అని చూస్తూ, పరీక్షలవాళ్ళు వచ్చేది పంతొమ్మిదే కదా అని గోడ మీద కాలెండరు వంక చూసింది. పంతొమ్మిది గడి గురువారం కింద ఉంది.

ఈ రోజు గురువారం. మేనేజరు పంతొమ్మిది శుక్రవారం అన్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆ తర్వాత దగ్గరికి వెళ్ళి పైనుంచి చూసింది. ఒకటో తారీకు ఆదివారం గడిలో ఉంది. ఈ నెల ఒకటో తారీకు సోమవారం వచ్చింది. వారం మొదటి రోజున గేటు దగ్గర అందరూ ఆవలిస్తూ నిలబడటం ఆమెకి బాగా గుర్తు.

గుర్తొచ్చింది. కిందటి ఏడాది చివర వాళ్ళ ప్రెస్సులోనే కాలెండర్లు వేశారు. ఒక్క నెల కాగితంలో అంకెల వరస ఒక గడి ముందుకి జరిగిపోయింది. అయిదు వందలు అచ్చయ్యాక గానీ ఎవరూ చూడలేదు. అచ్చు మిషనతనికి చీవాట్లు పడ్డాయి, ఆ కాగితం మళ్ళీ వేశారు. పాడైన కాపీలు పారెయ్యడమెందుకని పనివాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. ఎప్పుడూ అంతే. వాళ్ళ ఇళ్ళలో పుస్తకాలకి పేజీలు తలకిందులు, నోటు బుక్కులకి గీతలు వంకర, కాలెండర్లకి ఏదో ఒక నెల తప్పు. వంకర గీతల మీద రాసుకునే పిల్లలకి అది వంకరని తెలియనే తెలియదు. తొలి ఆదివారం ఆమె గుండుసూది పట్టుకుని ఈ కాలెండరు ముందే నిలబడి, ఆదివారం కింద ఎనిమిది చూసి, కెమెరాలో ఎనిమిది పెట్టింది. నిజానికది ఏడు.

సూదమ్మ మంచం మీద కూలబడి బిగ్గరగా నవ్వింది. కెమెరా ఒక రోజు ముందుకి పోతోంది. పద్నాలుగు అని పడినది పదమూడు. శనివారం.

నవ్వు ఆగాక మేనేజరు ముఖం కళ్ళ ముందుకొచ్చింది. ఈ కాలెండరు చూసే పెట్టావని రుజువేమిటి అంటాడు. రుజువు కావాలి. కవరు బోర్లించి ఫోటోలన్నీ మంచం మీద పరిచింది. ఆదివారం అక్క వాళ్ళ మేడ మీద తీసినవి నాలుగున్నాయి, నాలుగింటి మీదా పదిహేను. మూడింటిలో పిల్లలు. పిల్లలు ఏ రోజైనా మేడ మీదే ఉంటారు. నాలుగోది పనికిరాని ఫోటో. పిట్టగోడ మీద పిల్లిని తీయబోతే అది దూకేసింది, తోక మాత్రం పడింది. కానీ తోక వెనకాల, కింద ప్రెస్సు వెనక సందు మొత్తం పడింది. సందులో కొట్లన్నిటికీ షట్టర్లు దించి ఉన్నాయి. ఒక్కటి తెరిచి లేదు. మామూలు రోజున ఆ సందులో కాలు పెట్టడానికి చోటుండదు. ఫోటో మీద సోమవారం తారీకు ఉంది, ఫోటోలో ఆదివారం ఉంది.

ఇంతకంటే రుజువేం కావాలి? ఇంట్లో కుట్లు చూసుకునే భూతద్దం తెచ్చి ఒక్కొక్క షట్టరూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎడమ పక్క పదకొండు. కుడి పక్క తొమ్మిది. సందు చివర, ప్రెస్సు వెనక తలుపు దగ్గర, ఏదో ఆగి ఉంది. భూతద్దం ఇంకొంచెం పైకెత్తింది. వ్యాను వెనక భాగం. రెండు తలుపుల్లో ఒకటి తెలుపు, ఒకటి ఆకుపచ్చ. కిందటి ఏడాది తలుపు సొట్టపోతే ఇంకో బండి తలుపు తెచ్చి తగిలించారు, రంగు వేయించనే లేదు. అలాంటి వ్యాను ఊళ్ళో ఇంకోటి లేదు.

ఆదివారం మొగుడు పొద్దస్తమానం నిద్రపోయానన్నాడు. వ్యాను షెడ్డులోంచి కదల్లేదని మేనేజరుతో కూడా చెప్పాడు.

ఆమె భూతద్దం పక్కన పెట్టి ఊరికే కూర్చుంది. ఎన్నింటికెళ్ళావ్? రెండా, మూడా? ఆయన అడిగింది ఆమె శీలం గురించి కాదు. మేడ మీంచి ఏం కనపడి ఉంటుందో తెలుసుకోవడానికి అడిగాడు. ఆదివారం ఆ గదిలో మాస్టారు లేడని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు తన మొగుడే. తెలిసి కూడా రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఆ అనుమానమైనా నిజమైతే బాగుండేదని ఆమెకి అనిపించింది. అనుమానించేవాడికి కనీసం బాధ ఉంటుంది.

ఆయన వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఫోటో ఒక్కటే మంచం మీద ఉంది, పక్కన భూతద్దం. ఆయన చెప్పులు విడుస్తూ చూశాడు. భూతద్దం ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే తెలిసిపోయింది.

"ఎవరికి చూపించావ్?"

"ఇంకా ఎవరికీ లేదు."

గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. "శనివారం కట్టలు సర్దినాక వెనక తలుపు గడియ పెట్టినట్టు పెట్టి వదిలేశాను. సోమవారం మేనేజరు తలుపు తీయగానే అందరికంటే ముందు లోపలికెళ్ళి గడియ పెట్టేశాను. ఒక్క కట్టే. ఒకాయన కొడుక్కి కావాలన్నాడు. ఒక్క కాగితం చూసుకుని ఇచ్చేస్తానన్నాడు, ఇవ్వలేదు."

"మాస్టారు స్టూలు మీద కూర్చున్నాడు. రోజూ ఆ గేటులోంచే వ్యాను తోలుకెళ్తున్నావ్."

"చూశాను."

"నన్ను ఆయనతో కలిపి మాట్లాడుతుంటే విన్నావ్."

ఆయన కళ్ళు మంచం మీది ఫోటో వైపు వెళ్ళాయి. "అది చింపెయ్. నీ తప్పు కెమెరా మీదకి తోసెయ్. చెడిపోయిందను. నీ మీదకి రాకుండా చూసుకుంటాను. పిల్ల ముఖం చూడు," అన్నాడు.

"పిల్ల ముఖం చూసే చెప్తున్నాను. రేపు పొద్దున నువ్వే వెళ్ళి మేనేజరుతో చెప్పు. నువ్వు చెప్తే నేను నీ పక్కన నిలబడతాను. ఈ ఫోటో ఎవరూ చూడక్కర్లేదు."

ఆయన తల ఊపాడు. ఊపినట్టే కనపడింది. శుక్రవారం ఆమె లేచేసరికి మంచం ఖాళీగా ఉంది, దూరం ఊరికి డెలివరీ ఉందని పిల్లతో చెప్పి వ్యాను తీసుకుని పోయాడు.

*

పరీక్షలవాళ్ళు పదింటికి వస్తారు. తొమ్మిదిన్నరకి మేనేజరు గదిలో సూదమ్మ కాలెండరు విప్పి బల్ల మీద పరిచింది. మాస్టారిని కూడా పిలిపించారు. ఆయన అలవాటుగా తలుపు పక్కనే నిలబడ్డాడు. రెండు రోజులు కూర్చోబెట్టేసరికి నిలబడటం కూడా కొత్తగా ఉన్నట్టుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మేనేజరు ఒకటో తారీకు గడి చూశాడు. తన గోడ మీది కాలెండరు చూశాడు.

"ఇవి యాభై ఇళ్ళలో ఉన్నాయమ్మా. మీరు దీన్ని చూసే పెట్టారని ఎవరు చెప్పొచ్చారు? నిన్న కూర్చుని ఆలోచించి ఉండొచ్చు."

"వదిలెయ్ సూదమ్మా," అన్నాడు మాస్టారు మెల్లగా. "నువ్వు చెప్పాల్సింది చెప్పావ్."

సూదమ్మ సంచీలోకి చెయ్యి పెట్టింది. కవరు అంచు వేళ్ళకి తగిలింది. రాత్రంతా ఆ కవర్లో ముప్పై నాలుగు ఉంచాలా ముప్పై అయిదు ఉంచాలా అని తీసి పెట్టి, పెట్టి తీసింది. ఇప్పుడు ఒకటి తీసి మేనేజరు ముందు పెట్టింది.

"దీని మీద పదిహేను ఉంది సార్. సోమవారం. ఇది మన వెనక సందు. సోమవారం పూట ఆ సందులో ఒక్క కొట్టయినా మూసి ఉంటుందా?"

ఆయన వంగి చూశాడు. షట్టర్ల మీద పెన్సిలు రబ్బరు ఒక్కొక్కటిగా జరిగింది. సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. అంతవరకే ఆయనకి చాలింది.

"నిజమే. ఇది ఆదివారం," అన్నాడు.

లేచి నిలబడ్డాడు. సొరుగు లాగి తాళంచెవి తీసి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, మాస్టారి చేతిలో పెట్టాడు. "తప్పయిపోయింది మాస్టారూ. నేను తొందరపడ్డాను."

మాస్టారు తాళంచెవిని చూసుకుని, సూదమ్మ వంక ఒకసారి తల వంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి హాల్లోంచి అరచెయ్యి రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత బ్లేడు దిగింది, శుభ్రంగా.

మేనేజరు తేలికపడ్డాడు. ఫోటో తీసి సూదమ్మ చేతికిచ్చేశాడు. ఆమె పట్టుకుని నిలబడింది. అయిపోయింది. మాస్టారు మిషను దగ్గరున్నాడు, తన మీద మచ్చ పోయింది, ఫోటో తన చేతిలో ఉంది. ఇంటికెళ్ళి దాన్ని ఏం చేసినా అడిగేవాడు లేడు.

"అయితే మళ్ళీ మొదటి నుంచి వెతకాలి," అన్నాడు మేనేజరు, గడియారం చూసుకుంటూ. "ఆలోచిస్తే ఆ టైమ్ కీపరు మీద నాకు ముందు నుంచీ అనుమానమే. ఫోటో మీద తారీకు మొదట చూసిందీ చూపించిందీ అతనే. తన మీదకి రాకుండా మిమ్మల్ని ఇరికించాడు. పిలిపిస్తాను."

టైమ్ కీపరంటే సూదమ్మకి ప్రేమేమీ లేదు. మూడు రోజుల కిందట అతను ఫోటోని చేతి నుంచి చేతికి పంపించిన తీరు ఇంకా ఆమె కళ్ళలోనే ఉంది. అతన్ని కూడా ఆ స్టూలు మీద కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఒక్క క్షణం చూసుకుంది. చూడటానికి బాగానే ఉంది. మేనేజరు గంట మీద చెయ్యి వెయ్యబోతున్నాడు.

"పిలవకండి సార్."

"ఏమ్మా?"

ఆమె ఫోటోని మళ్ళీ బల్ల మీద పెట్టి, ఆయన వైపు తిప్పింది. సందు చివర గోరు ఆనించింది.

"మీరు సగం దాకానే చూశారు. ఇక్కడిదాకా చూడండి."

మేనేజరు కళ్ళద్దాలు పైకి జరుపుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తలెత్తినప్పుడు ఆయన ముఖంలో అనుమానం లేదు.

"ఒక తలుపు ఆకుపచ్చ," అన్నాడు.

"అవును సార్," అంది సూదమ్మ. "తోలేది మా ఆయనే."